పద్నాలుగో పేజీ

సంపంగివలస మంచినీళ్ల ట్యాంకు మీద మనిషి కనబడగానే హెడ్ కానిస్టేబుల్ కూర్మారావు టీ గ్లాసు కింద పెట్టేశాడు. సగం టీ వదిలేసి లేవడం ఆయన ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

మంగళవారం, ఉదయం పదకొండు. ట్యాంకు మీద మనిషి ఒంటరిగా ఉన్నాడు. అంచు దగ్గర వంగి ఉన్నాడు. చేతిలో నీలం బకెట్.

ఆ మనిషి పేరు బూరి పోలయ్య. పంచాయతీలో మోటార్లు, ట్యాంకు చూసుకునేవాడు. ఇరవై నాలుగేళ్లుగా ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం సరిగ్గా పదకొండింటికి ట్యాంకెక్కి, మూత తాళం తీసి, బ్లీచింగ్ కలిపి దిగుతాడు. ఆ సంగతి ఊళ్లో మేకలకి కూడా తెలుసు. కూర్మారావుకీ తెలుసు. ఆరేళ్లుగా ఆయన తాగుతున్నది ఆ నీళ్లే.

కానీ ఆ రోజు కూర్మారావు ఛాతీ మీద, పేరు పలక పక్కన, కొత్త బిళ్ల మెరుస్తోంది. దాని మీద ‘నేను వింటాను’ అని రాసి ఉంది. బిళ్ల వచ్చి పద్దెనిమిది గంటలైంది. ఈ పద్దెనిమిది గంటల్లో ఆయనకి ఏదైనా వినిపించింది ఒక్క భార్య వరహాలమ్మే.

“వింటానని రాసుకున్నారు గదా, గ్యాసు బండ అయిపోయిందని మూడుసార్లు చెప్పాను. విన్నారా?”

వినలేదు.

బిళ్ల కథ ఇదీ. పోలీసులకీ, ఫైరువాళ్లకీ, అంబులెన్సువాళ్లకీ కలిపి జిల్లా కేంద్రంలో ‘మానసిక సంక్షోభ తొలిస్పందన శిక్షణ’ మూడు రోజులు పెట్టారు. స్టేషన్‌కి ఒక మనిషిని పంపమన్నారు. సీఐ భుజంగరావు అందరినీ పరికించి చూసి, “కూర్మారావ్, నువ్వు వెళ్లు. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోగలవు” అన్నాడు. తనలోని ప్రతిభని ఇన్నాళ్లకి ఒక అధికారి గుర్తించినందుకు కూర్మారావు పొంగిపోయాడు.

శిక్షణ ఇచ్చిన డాక్టరమ్మ మంచిది. కాగితం చూడకుండా మాట్లాడింది. కానీ అసలు సంగతి ఆవిడ చెప్పింది రెండో రోజు మధ్యాహ్నం, చేపల పులుసు భోజనాల తర్వాత. “కష్టంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్తే ముందు కూర్చోండి” అని ఆవిడ మొదలుపెట్టడం కూర్మారావుకి గుర్తుంది. తర్వాతి నలభై నిమిషాలు గుర్తులేవు. లేచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఆయనా కొట్టాడు.

ఆ లోటు పూడ్చుకోడానికి రాత్రికి రాత్రి కరదీపిక బట్టీ పట్టాడు. అది డాక్టరమ్మ రాసింది కాదు. ఆఫీసులో కమిటీ రాసింది. అరవై రెండు పేజీలు. తొమ్మిదో పేజీలో ఇలా ఉంది: ‘భూమట్టమునకు పదిహేను అడుగుల పైన ఒంటరిగా కనిపించు ప్రతి వ్యక్తినీ సంక్షోభములో ఉన్నట్లే పరిగణించవలెను.’ కొబ్బరికాయలు దింపేవాళ్ల సంగతేమిటని ఫైరు మనిషి ఒకడు లేచి అడిగాడు. “మొదట పరిగణించండి, తరువాత ఆలోచించండి” అని కమిటీ ప్రతినిధి జవాబిచ్చాడు. పద్నాలుగో పేజీ ఇంకా బలమైంది: ‘నాకేమీ లేదు అని వ్యక్తి చెప్పుట సంక్షోభమునకు ప్రథమ లక్షణము.’

అందుకే టీ సగంలో వదిలేశాడు.

ట్యాంకు కింద నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, “పోలయ్య గారూ!” అని అరిచాడు.

పైన పోలయ్య చేతిలో బకెట్ జారబోయింది. ఆరేళ్లుగా ‘ఒరే పోలిగా’ అని పిలిచిన మనిషి ‘గారూ’ అన్నాడంటే ఏదో పెద్ద కేసే అయి ఉంటుంది.

“ఏటి బావూ? ఏటైంది? నానేటి సేసాను?”

“మీరు ఒంటరి కాదు!”

పోలయ్య చుట్టూ చూశాడు. “ఒంటరిగానే ఉన్నాను బావూ! ఇక్కడ ఇద్దరు పట్టరు!”

“మీకిప్పుడు ఎలా అనిపిస్తోంది?”

“ఎండ మాడిపోతంది!”

“మీ బాధ నాకు అర్థమైంది. దాచుకోవద్దు. చెప్పండి!”

“నాకేటీ లేదు బావూ! బాగానే ఉన్నాను!”

కూర్మారావుకి ఒళ్లు జలదరించింది. పద్నాలుగో పేజీ! అక్షరం పొల్లు పోలేదు.

జనం పోగయ్యారు. టీ కొట్టు గౌరీసు స్టవ్ ఆపేసి వచ్చాడు. పోలయ్య మొదట విసుక్కున్నాడు. అది పదిహేనో పేజీ. తర్వాత నవ్వాడు. పదహారు. చివరికి ‘ఈ పోలీసుతో మనకెందుకులే’ అని మాట మానేసి బ్లీచింగ్ కలపడం మొదలుపెట్టాడు. మౌనం, పదిహేడు, అత్యంత ప్రమాదకరం. నలభై నిమిషాలకి మోటారు ఆపే వేళై దిగొచ్చాడు. దిగీ దిగగానే కూర్మారావు వాటేసుకున్నాడు. ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. పోలయ్య చొక్కాకి బ్లీచింగ్ అంటుకుని ఉంది మరి.

మర్నాడు పేపర్లో పడింది: ‘ట్యాంకెక్కిన వ్యక్తిని మాటలతో దించిన హెడ్ కానిస్టేబుల్.’ ఫొటోలో కూర్మారావు మొహం నిండుగా ఉంది. పోలయ్యది మోచెయ్యి ఒక్కటే పడింది. కూర్మారావు ఆరు కాపీలు కొన్నాడు. ఒకటి చదవడానికి, అయిదు ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. ఎవరూ అడగలేదు.

సీఐ భుజంగరావు మాత్రం తన గదిలోంచి లేచొచ్చి కరచాలనం చేశాడు.

“సర్కిల్ చరిత్రలో ప్రప్రథమ సఫల సంక్షోభ విరమణ! ఇందుకు సంబంధించిన సమస్త లాంఛనములూ యథావిధిగా జరగవలెను.”

పోలీసులకి తెలిసిన లాంఛనాలు ఒక్క రకమే. దొంగతనమైనా, హత్యైనా, పుణ్యకార్యమైనా అవే. వీఆర్వోని, ఇంకో మధ్యవర్తిని పిలిచి పంచనామా రాశారు. వస్తువు స్వాధీనం చేసుకున్నారు: ‘నీలిరంగు ప్లాస్టిక్ బకెట్ ఒకటి, అందులో ఘాటైన వాసన గల తెల్లని పొడి సుమారు రెండు కిలోలు.’ గుడ్డ చుట్టి, లక్క ముద్ర వేసి మాల్‌ఖానాలో పెట్టారు. చివరికి ఏడో నమూనా పత్రం నింపారు. అందులో పదకొండో గడి: ‘రక్షించబడిన వ్యక్తి ఇకమీదట పదిహేను అడుగుల ఎత్తునకు మించి ఎక్కరాదు.’ నకలు పంచాయతీకి పంపారు. ఇదంతా కూర్మారావే రాశాడు. ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. ఆ పత్రం రాసేటప్పుడు ఇంకాస్త శ్రద్ధగా కూడా రాశాడు.

గురువారం ఉదయం పోలయ్య స్టేషన్ గుమ్మంలో నిలబడ్డాడు. చెప్పులు బయట విప్పాడు.

“బావూ, సెక్రటరీ బాబు నన్ను ట్యాంకెక్కొద్దంటున్నాడు. నీ కాయితం సూపిస్తన్నాడు.”

“అది నీ రక్షణ కోసం పోలయ్యా.”

“రచ్చణ సరే. ఈ నెల ముప్పయ్యో తారీకు సాయంత్రం అయిదింటికి పాత వాటర్‌మేన్ల పేర్లు జిల్లాకి పంపిస్తారంట, పర్మినెంటు సెయ్యడానికి. ఎత్తులో పని సెయ్యడానికి పనికొస్తాడని కాయితం ఉండాలంట. లేకపోతే పేరు కొట్టీస్తారంట.” గొంతు తగ్గించాడు. “ఇరవై నాలుగేళ్లు బావూ. ఎక్కీసి దిగీసాను, ఎక్కీసి దిగీసాను. ఒక్కసారి నువ్వు దించితే మొత్తం పోతంది.”

కూర్మారావు లేచి సీఐ గదిలోకి వెళ్లాడు.

“సార్, ఆ పోలయ్య... బ్లీచింగ్ కలపడానికే ఎక్కాడండి. పొరపాటైపోయింది.”

“రక్షణ పొరపాటు అవుతుందా?” భుజంగరావు కళ్లజోడు తీశాడు. “ఆయన సంక్షోభంలో లేడని ఎవరు చెప్పారు?”

“ఆయనే సార్.”

“అది ఏ పేజీ?”

“...పద్నాలుగు సార్.”

“మరి? ఒకసారి రక్షించబడిన వ్యక్తిని రక్షింపబడనట్లు చేయుటకు నమూనాలో గడి లేదు. అయినా నేను కర్కోటకుణ్ణి కాను. ఘటనా పునర్నిర్మాణం పూర్తయి ఫైలు మూసివేయబడిన పిమ్మట ఏదో కాగితం పరిశీలించవచ్చు.”

హంతకుణ్ణి హత్య జరిగిన చోటికి తీసుకెళ్లి ‘ఎలా పొడిచావు, చూపించు’ అనడం పోలీసు అలవాటు. అదే పునర్నిర్మాణం. మనిషిని కాపాడినప్పుడు కూడా ఇది చెయ్యాలని ఏ కరదీపికా చెప్పలేదు. చెయ్యొద్దని కూడా చెప్పలేదు. పోలయ్య మళ్లీ ట్యాంకెక్కి, మళ్లీ సంక్షోభంలో పడి, మళ్లీ మాటలతో దిగాలి. కానీ ఆయన పదిహేను అడుగులు మించి ఎక్కకూడదు. దాంతో సీఐ ఆలోచించి ‘తాత్కాలిక ఆరోహణ అనుమతి’ అని ఒక కొత్త కాగితం పుట్టించాడు. గంటసేపటికి మాత్రమే.

శుక్రవారం పునర్నిర్మాణం. కింద ఫైరింజన్, అంబులెన్సు, మధ్యవర్తులు. పోలయ్య ముప్పై ఎనిమిది మెట్లూ ఉడతలా ఎక్కేశాడు.

“కట్!” అన్నాడు భుజంగరావు. సినిమావాళ్లలా అన్నందుకు తనే సిగ్గుపడి, “ఆపవలెను” అని సరిదిద్దుకున్నాడు. “సంక్షోభంలో ఉన్నవాడు ఇంత హుషారుగా ఎక్కుతాడా? దిగి రమ్మను. భారంగా ఎక్కమను.”

పోలయ్య దిగి, భారంగా ఎక్కాడు. పై నుంచి అరిచాడు: “బావూ! ఎలాగూ ఎక్కీసాను. ఆ బకెట్ అందించండి, కలిపీసి దిగుతాను!”

“బకెట్ సాక్ష్యం. లక్క విప్పితే కోర్టు ఒప్పుకోదు.”

“అయితే వేరే బకెట్!”

“ఘటన నాడు ఉన్న బకెట్ అదొక్కటే. వేరే బకెట్ పైకి వెళితే పునర్నిర్మాణం వాస్తవ విరుద్ధమగును.”

అనుమతి గంట అయిపోయింది. బ్లీచింగ్ పడకుండానే, పునర్నిర్మాణమూ పూర్తికాకుండానే పోలయ్య దిగాడు. పంచాయతీ ఇంకో మనిషిని పంపింది. వాడు ఇరవయ్యో మెట్టు మీద ఉండగానే ఫైరువాళ్లు రక్షించేశారు. వాళ్లకీ బిళ్లలున్నాయి మరి. ఆ వారంలోనే అంబులెన్సువాళ్లు కొబ్బరి చెట్టు మీద ఒకణ్ణి రక్షించారు. పక్క స్టేషన్ కానిస్టేబుల్, కరెంటు స్తంభం మీద లైన్‌మన్‌ని గంటన్నరసేపు ఓదార్చాడు. అంతసేపూ మూడు వీధుల్లో కరెంటు లేదు. రక్షించబడ్డవాళ్లందరికీ పదకొండో గడి పడింది. సంపంగివలసలో పదిహేను అడుగుల పైన ఇక కాకులే మిగిలాయి.

ట్యాంకు నీళ్లు ముందు రంగు మారాయి. తర్వాత వాసన మారాయి. ఊరు ఊరంతా కడుపు పట్టుకుంది. స్టేషన్ వెనక ఉన్న ఒకే ఒక్క మరుగుదొడ్డికి హోదాల ప్రకారం వరస పెట్టారు. కూర్మారావు హెడ్ కానిస్టేబులే. హోదా అంటే ఏమిటో ఆయనకి అంత గాఢంగా ఎప్పుడూ తెలిసిరాలేదు.

రెండో పునర్నిర్మాణానికి డీఎస్పీ వచ్చాడు. “కళ్లలో నిరాశ చాలలేదు” అని పెదవి విరిచాడు. “నిరాశ లోపలి నుంచి రావాలి.”

“మొహం దిగాలుగా పెట్టు పోలయ్యా,” కూర్మారావు కింద నుంచి బతిమాలాడు. “ఏదైనా కష్టం తలుచుకో.”

“నువ్వే గుర్తొస్తన్నావు బావూ!” అన్నాడు పోలయ్య.

ఆ మాటకి అందరూ నవ్వారు. కూర్మారావు కూడా నవ్వాడు. ఇంటికెళ్లి పడుకున్నాక ఆ మాట మళ్లీ వినిపించింది. ఈసారి నవ్వు రాలేదు. గూట్లో ఉన్న అయిదు పేపరు కాపీల్నీ తీసి వరహాలమ్మకిచ్చి, వంటింటి అలమరలో వేసుకోమన్నాడు.

ఆ రోజు పునర్నిర్మాణం మధ్యలో సీఐ మూడుసార్లు హడావిడిగా స్టేషన్ వెనక్కి పరిగెత్తడంతో అదీ పూర్తికాలేదు. ఈలోగా రాజధాని నుంచి కబురొచ్చింది. ‘సంపంగివలస విధానాన్ని’ ప్రత్యక్షంగా తిలకించడానికి పెద్దాఫీసరు వస్తున్నాడు. ముప్పయ్యో తారీఖున.

ముప్పయ్యో తారీఖు వచ్చింది. ట్యాంకు కింద షామియానా, నూట యాభై కుర్చీలు, కూర్మారావు బొమ్మతో ఫ్లెక్సీ. పోలయ్య తెల్లచొక్కా ఉతుక్కుని వేసుకొచ్చాడు. కూర్మారావుని పక్కకి పిలిచాడు.

“ఈరోజుతో కాయితం ఇచ్చేస్తారు గదా బావూ? అయిదింటికి లిస్టు ఎల్లిపోద్ది.”

కూర్మారావు సీఐని అడిగాడు. సీఐ డీఎస్పీని అడిగాడు. డీఎస్పీ, పెద్దాఫీసరు పీఏని అడిగాడు. అదే దారిలో జవాబు వెనక్కి వచ్చింది.

“ఫైలు రాజధానికి వెళుతుంది. మూడు నెలల అనంతరం నిర్ణయము వెలువడగలదు.”

కూర్మారావు ఆ మాట పోలయ్యకి చెప్పాడు. తడబడుతూ, నేల చూస్తూ, రెండు వాక్యాల్లో చెప్పాడు. పోలయ్య అరుస్తాడనుకున్నాడు. తిడతాడనుకున్నాడు. పోలయ్య మొలతాడుకి కట్టుకున్న ట్యాంకు తాళంచెవి విప్పి కూర్మారావు చేతిలో పెట్టాడు. ఇరవై నాలుగేళ్ల రాపిడికి అది సన్నబడిపోయి ఉంది.

“ఇది నీకాడ ఉంచు బావూ. ఎవురో ఒకరికి కావాలి గదా.”

మెట్లెక్కాడు. భారంగా. ఈసారి భారంగా ఎక్కమని ఎవరూ చెప్పలేదు.

“అద్భుతం,” అన్నాడు డీఎస్పీ. “చూశారా సార్? ఆ భుజాలు చూడండి.”

“సహజంగా ఉంది,” అన్నాడు పెద్దాఫీసరు. “శిక్షణ ఎంత లోతుకి వెళ్లిందో!”

కూర్మారావు చేతిలో తాళంచెవి ఇంకా వెచ్చగా ఉంది. ఆ తాళంచెవి ఒంటి మీద లేకుండా పోలయ్యని ఆయన ఎప్పుడూ చూడలేదు. పోలయ్య కూతురి పెళ్లిలో కూడా, పట్టుపంచె మీదుగా అది వేలాడుతూనే ఉంది.

“సార్,” అన్నాడు, సీఐ దగ్గరికెళ్లి. “ఇది నటన కాదండి.”

“కాకూడదు. అదే కదా మనకి కావలసింది. మైకు తీసుకో. మొదటి వాక్యం, ‘మీరు ఒంటరి కాదు.’”

కూర్మారావు మైకు తీసుకోలేదు. నిచ్చెన దగ్గరికి నడిచాడు. ఆయన వయసు యాభై మూడు, పొట్ట నలభై రెండు అంగుళాలు, స్టూలెక్కి బల్బు మార్చమంటే పక్కింటి వాళ్లని పిలిచే రకం. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎనిమిదో మెట్టు దగ్గర ‘నేను వింటాను’ బిళ్ల ఇనపచువ్వకి తగులుకుని ఊడి కింద పడింది. పదిహేనో మెట్టు దగ్గర తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకున్నాడు. ఇరవై రెండో మెట్టు నుంచి తెలియని దేవుళ్లని మొదలుపెట్టాడు. వెనక్కి దిగుదామంటే కిందకి చూడాలి. చూడలేక ఎక్కాడు.

పైకి చేరగానే కూలబడ్డాడు. చాలాసేపటికి తెలిసింది, డాక్టరమ్మ చెప్పినట్టే ముందు కూర్చున్నానని.

పోలయ్య మూత మీద కూర్చుని ఉన్నాడు. దూరంగా కొండ వైపు చూస్తున్నాడు.

కూర్మారావుకి ఒకటే ఆయాసం. కరదీపికలో ఒక్క వాక్యం కూడా గుర్తు రాలేదు. ఊపిరి కుదుటపడేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

“దూకుదామని ఎక్కలేదు బావూ,” అన్నాడు పోలయ్య చివరికి. “అలాగని దిగాలని కూడా లేదు. కిందకెల్తే ఏటుంది? నా ఇంటిదానికి ఏటని సెప్పాల? ఇక్కడున్నంతసేపూ నాను వాటర్‌మేన్ని. దిగితే ఎవుర్ని?”

కూర్మారావు టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పోలయ్య చెప్పుకుంటూ పోయాడు. మొదట్లో జీతం నెలకి మూడొందలు, అదీ మూడు నెలలకోసారి. తుఫాను రోజున గాలికి కొట్టుకుపోకుండా నిచ్చెనకి తువ్వాలుతో కట్టుకుని బ్లీచింగ్ కలిపిన సంగతి. ఊళ్లో ఎవరింట్లో పిల్ల పుట్టినా, మొదటి స్నానానికి నీళ్లు తను ఎక్కించినవేనని తనలో తను లెక్కపెట్టుకునే సంగతి. ఆ లెక్క పదకొండు వందలు దాటింది. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని.

కూర్మారావు నవ్వలేదు.

“పోలయ్యా,” అన్నాడు. “ఆ మంగళవారం నువ్వు బ్లీచింగ్‌కే ఎక్కావని నాకు తెలుసు.”

పోలయ్య తల తిప్పాడు.

“ముందే తెలుసు. కిందనుంచి అరవక ముందే. కొత్త బిళ్ల పెట్టుకున్నాను. ఎవరో ఒకరిని కాపాడాలనిపించింది. నువ్వే దగ్గర్లో ఉన్నావు. ‘నాకేమీ లేదు’ అనడమే లక్షణమని పద్నాలుగో పేజీలో ఉంది మరి. అంతే.” ముక్కు తుడుచుకున్నాడు. “ఆరు పేపర్లు కొన్నాను.”

పోలయ్య కళ్లు చిట్లించాడు. “ఆరెందుకు?”

“ఎవరైనా అడుగుతారేమోనని.”

“అడిగారా?”

“ఒక్కరూ అడగలేదు.”

పోలయ్యకి నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత పొట్టలోంచి. కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. “నువ్వు మా సెడ్డ పిచ్చోడివి బావూ,” అన్నాడు. తర్వాత లేచి, ప్యాంటు దులుపుకుని, “పద, ఎల్దాం. పొద్దు వాలిపోతంది” అన్నాడు.

కూర్మారావు లేవలేదు.

“ఏటి?”

“కాళ్లు రావట్లేదు.”

“అంటే?”

“కిందకి చూశాను పోలయ్యా. చూడకుండా ఉండాల్సింది.”

నిచ్చెనని పట్టుకున్న ఆయన వేళ్లు తెల్లబడ్డాయి. చెమట కళ్లలోకి కారుతోంది. కింద పెద్దాఫీసరు చిన్న తుమ్మెదంత కనిపిస్తున్నాడు. మైకులోంచి సీఐ గొంతు వినిపించింది: “కూర్మారావ్, మీరు ఒంటరి కాదు!” అది విన్నాక ఒంటరితనం ఇంకా పెరిగింది.

పోలయ్య ఆయనకంటే ముందు నిచ్చెన మీదకి దిగాడు. ఒక మెట్టు కింద నిలబడి, రెండు చేతులూ ఆయన నడుం చుట్టూ బిగించి చువ్వలు పట్టుకున్నాడు.

“కిందకి సూడకు. మెట్టు సూడు. ఎడం కాలు. అద్దీ. ఇప్పుడు కుడికాలు. మొన్న మీ ఇంట్లో ఏటొండారు?”

“గంజి. అందరికీ కడుపు పాడైంది గదా.”

“నీళ్లు బాగోకపోతే ఊరంతా గంజే. ఎడం కాలు. భయమేస్తే అరిసీ, తప్పేటీ లేదు. నానూ మొదటిసారి అరిసాను. కుడి.”

ముప్పై ఎనిమిది మెట్లకి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. నేల తగలగానే కూర్మారావు దాని మీదే కూర్చుండిపోయాడు. నూట యాభై కుర్చీల్లోంచి చప్పట్లు మోగాయి. పెద్దాఫీసరు లేచి నిలబడి మరీ కొట్టాడు.

“అమోఘం! అయితే రక్షించబడినది ఎవరు?”

సీఐ డీఎస్పీ వైపు చూశాడు. డీఎస్పీ ఆకాశం వైపు చూశాడు.

కూర్మారావు కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాపాడు. “ఏడో నమూనా ఒకటి ఇవ్వండి సార్.”

పత్రం తొడ మీద పెట్టుకుని రాశాడు. ముత్యాల దస్తూరీ మొదటిసారి చీమల బారులా వచ్చింది. ‘రక్షించబడిన వ్యక్తి: హెడ్ కానిస్టేబుల్ పి. కూర్మారావు. సంక్షోభ స్వభావం: ఎత్తు భయము, పేరు యావ. రక్షకుడు: బూరి పోలయ్య, వాటర్‌మేన్.’ తొమ్మిదో గడి దగ్గర పెన్ను ఆగింది. పోలయ్య పత్రంలోనూ తనే నింపిన గడే. ఏనాడూ చదవలేదు. ‘రక్షకుడు ఎత్తులో పనిచేయుటకు యోగ్యుడేనా?’ పోలీసుల కోసం పెట్టిన ప్రశ్న అది. ‘యోగ్యుడు’ అని రాసి, రెండుసార్లు గీత గీశాడు.

“ఆగవలెను!” సీఐ అందుకున్నాడు. “రక్షించబడిన వ్యక్తి రక్షకుడు ఎట్లగును?”

“కాకూడదని గడి లేదు సార్.”

భుజంగరావు ఏదో అనబోయాడు. కడుపులో ఏదో కదిలింది. స్టేషన్ వైపు నడిచాడు, వేగంగా.

పెద్దాఫీసరు అప్పటికే ముగ్ధుడైపోయి ఉన్నాడు. “పౌరుడే తొలిస్పందకుడు! ఇది విధానంలో నూతన దశ!” అంటూ సంతకం పెట్టాడు. పీఏ సీలు వేశాడు. టైము నాలుగూ నలభై. పంచాయతీ ఆఫీసు అర కిలోమీటరు. కూర్మారావు పరిగెత్తలేడు. పోలయ్య పరిగెత్తాడు.

లిస్టులో పద్దెనిమిదో పేరు బూరి పోలయ్యది. ఖాళీ లేకపోతే సెక్రటరీ మార్జిన్‌లో రాశాడు. మార్జిన్‌లో పేరు చెల్లదని ఏ ఉత్తర్వూ లేదు.

ఇప్పుడు పదకొండో గడి కూర్మారావుకి పడింది. ఆయన పదిహేను అడుగులు మించి ఎక్కకూడదు. “మేడ మీద బట్టలు తియ్యమంటే ఉత్తర్వు చూపిస్తున్నారమ్మా” అని వరహాలమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. ఆయన ఉత్తర్వుకి లామినేషన్ కూడా చేయించాడు. ఆ సుఖం పది రోజులే. పదకొండో రోజున సీఐ సంతకంతో తాఖీదు వచ్చింది: ‘ఘటనా పునర్నిర్మాణ నిమిత్తము రక్షించబడిన వ్యక్తి మంగళవారము ఉదయము 11 గంటలకు అదే ఎత్తునకు ఆరోహణ చేయవలెను.’

మంగళవారం, ఉదయం పదకొండు. నిచ్చెన మొదట్లో పోలయ్య కొత్త బకెట్‌తో నిలబడి ఉన్నాడు. పాతది ఇంకా సాక్ష్యమే. మొలతాడుకి తాళంచెవి వేలాడుతోంది.

“భయమేస్తందా బావూ?”

కూర్మారావు ముప్పై ఎనిమిది మెట్లనీ కింద నుంచి పైదాకా చూశాడు. మీసం సవరించుకున్నాడు.

“ఛ. నాకేం లేదు.”

పోలయ్య ఆయన మొహం వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత బకెట్ కింద పెట్టి, మొదటి మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చేశాడు.

“పద్నాలుగో పేజీ,” అన్నాడు. “కూకో బావూ. ముందు సెప్పు. ఇంటాను.”